మన ఎండల్లో, మన చెదల మధ్య వేల కామిక్స్ దాచుకోవడం ఎలా

కామిక్స్ దాచుకునే పద్ధతుల మీద దొరికే సలహాల్లో చాలావరకు చలి దేశాల వాళ్లు రాసినవి. నేలమాళిగలో పెట్టొద్దంటారు, మన ఇళ్లలో నేలమాళిగే ఉండదు. గదిని 20 డిగ్రీల దగ్గర ఉంచమంటారు, నల్గొండలో మే నెల రాత్రి పదింటికి కూడా గోడకు ఆనుకొని కూర్చోలేం. మనకు కావలసిన సంగతులు వేరే ఉన్నాయి. స్లాబు కింది సజ్జ మీద పెట్టిన పెట్టె ఏమవుతుంది? తొలకరికి లైటు చుట్టూ మూగే ఉసిళ్లను చూసి ఎందుకు జాగ్రత్త పడాలి? చీరల కవర్లో పుస్తకం పెట్టొచ్చా? మైదా జిగురుతో బైండింగ్ చేయించొచ్చా? నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల చుట్టుపక్కల ఇళ్లను మనసులో పెట్టుకొని ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. మూసిపెట్టి మరిచిపోయిన పెట్టెలే పాడవుతాయి. తరచూ తీసి చదివే పుస్తకాలకు పురుగు పట్టదని కాదు, పడితే వెంటనే కంటపడుతుంది. అందుకే చదవడం కూడా నిల్వలో ఒక పని అని నా లెక్క. కింద చెప్పే ఏర్పాట్లన్నీ పుస్తకం సులువుగా చేతికందేలా, మళ్లీ సులువుగా తన జాగకు వెళ్లేలా ఉండాలని చెప్పినవే.

1. ముందు గీత గీసుకోండి

"బొమ్మల పుస్తకం ఏదైనా సరే" అని మొదలుపెట్టినవాళ్ల ఇల్లు కొన్నాళ్లకే రద్దీ షాపు (పాత కాగితాల దుకాణం) అవుతుంది. ఒకటో రెండో వరుసలు ఎంచుకోండి. మన వైపు ఎక్కువమంది ఎంచుకునేవి ఇవి.

చందమామ. అది కామిక్ కాదు, కథల పత్రిక అని పట్టుబట్టేవాళ్లున్నారు. మాట నిజమే, కానీ మన దగ్గర బొమ్మల కథలు దాచుకునేవాళ్లలో చాలామందికి పిచ్చి పట్టింది చందమామతోనే. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టారు. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య గీసిన సంచికల కోసమే వెతికేవాళ్లు చాలామంది. శవాన్ని భుజాన వేసుకొని నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్‌ది. ఇందులో కష్టం ఒకటుంది. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లు నెలల తరబడి సాగుతాయి కాబట్టి విడి సంచికలు ఎన్ని ఉన్నా తృప్తి ఉండదు. వరుస నెలలు కావాలి. అందుకని చందమామ సేకరించేవాళ్లు 'ఏడాది' లెక్కన ఆలోచించాలి. ఒక సంవత్సరం పూర్తి చేశాకే ఇంకో సంవత్సరం మొదలుపెడితే చేతికి చదవగలిగిన కథ వస్తుంది.

అమర్ చిత్ర కథ. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన వరుస. తెలుగులోనూ వచ్చింది. విడి సంచికలు ఎక్కడికక్కడ పూర్తవుతాయి కనుక కొత్తవాళ్లకు ఇదే సులువు. ఇంగ్లిష్ వరుసలో దొరకని మొదటి పది అంకెలూ కన్నడంలో వచ్చిన పాశ్చాత్య జానపద కథలవి. కృష్ణుడి కథతో మొదలయ్యే పురాణాల వరుసకు 11వ అంకె పడింది. ఈ సంగతి తెలియక ఒకటి నుంచి పది దాకా వెతికి అలసిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తర్వాతి ముద్రణల్లో అంకెలు 501 నుంచి మళ్లీ మొదలయ్యాయి. అంకెను మాత్రమే చూసి కొంటే ఒకే పుస్తకం రెండుసార్లు ఇంటికొస్తుంది. 42 భాగాల మహాభారతం వేరే లోకం. అది మొత్తం దొరికితే విడగొట్టకండి.

ఇంద్రజాల్ కామిక్స్. టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్లు 1964 మార్చి నుంచి 1990 దాకా తెచ్చారు. ఇందులో హీరోలు ఫాంటమ్, మాండ్రేక్, 1976 నుంచి ఆబిద్ సూర్తి సృష్టించిన బహదూర్. కాగితం చౌక, పిన్నులు తుప్పు పడతాయి, అట్టలు ఊడిపోతాయి. డబ్బు కంటే ఓపిక ఎక్కువ కావాలి.

పత్రికల కత్తిరింపులు. దీన్ని ఎవరూ సేకరణగా లెక్కపెట్టరు, నాకు మాత్రం ఇదే అన్నిటికన్నా విలువైనదనిపిస్తుంది. పుస్తకం ఎక్కడో ఒకచోట ఇంకో ప్రతి ఉంటుంది, పేపర్లో వచ్చిన కార్టూన్‌కు ఆ హామీ లేదు. సూర్యాపేటలో పుట్టిన శేఖర్, 2014లో మండేలా బొమ్మకు వరల్డ్ ప్రెస్ కార్టూన్ గ్రాండ్ ప్రి గెలుచుకున్న నల్గొండ పామర్తి శంకర్... మన జిల్లా చేతులు గీసిన గీతలు మన ఇళ్లలోనే లేకపోతే ఎట్లా? కత్తిరించినప్పుడు తేదీ, పత్రిక పేరు, ఎడిషన్ అదే నిమిషంలో పెన్సిల్‌తో రాయాలి. రేపు రాద్దామంటే ఆ తేదీ ఇక దొరకదు.

కొత్త గ్రాఫిక్ నవలలు, జపాన్ మాంగాలు (అక్కడి కామిక్స్) సేకరించేవాళ్లకు నిల్వ కష్టం తక్కువ. కాగితం కాస్త మేలు, దళసరి వీపు ఉంటుంది, మామూలు పుస్తకాల్లా నిలబెట్టొచ్చు. వాళ్లు 4వ మెట్టు చదివి నేరుగా 6కి వెళ్లిపోవచ్చు.

2. మొదటి డబ్బు పుస్తకాలకు కాదు

పది వేలు ఖర్చు పెట్టాలనుకుంటే అందులో మూడో వంతు ర్యాక్‌కు, డబ్బాలకు, కవర్లకు తీసి పక్కన పెట్టండి. ఇది ఎవరికీ నచ్చని సలహా. కానీ నేల మీద పేర్చిన కట్టలకు చెదలు పట్టాక పోయేది ఆ మూడో వంతు కంటే చాలా ఎక్కువ.

3. ఎక్కడ దొరుకుతాయి

మన ఊళ్లలో పాత కామిక్స్ దొరికే మొదటి చోటు రద్దీ షాపు. అక్కడ మీకు కావలసింది బేరం కాదు, పరిచయం. "అన్నా, బొమ్మల పుస్తకాలొస్తే కాంటా ఎక్కియ్యకు, నాకొక ఫోన్ కొట్టు" అని చెప్పి, మొదటిసారి ఏది పిలిచి ఇచ్చినా, మీకు పనికిరాకపోయినా, కిలో రేటు కంటే ఎక్కువిచ్చి తీసుకోండి. రెండోసారి పిలుస్తాడు. ఖాళీ చేతులతో తిరిగొస్తే ఇక పిలవడు. దసరాకు ముందు, సంక్రాంతికి ముందు ఇళ్లకు సున్నాలు వేసేటప్పుడు పాత కాగితం ఎక్కువగా బయటపడుతుంది. ఆ రెండు వారాలు షాపుల చుట్టూ ఒక రౌండ్ వేయండి.

రెండో చోటు రిటైరైన సార్ల ఇళ్లు. దేవరకొండ, కల్వకుర్తి, నారాయణపేట లాంటి ఊళ్లలో పిల్లల కోసం ఏళ్ల తరబడి చందమామ తెప్పించిన టీచర్లున్నారు. పిల్లలు హైదరాబాద్‌లో స్థిరపడ్డాక ఆ సందుగలు తెరిచేవాళ్లు ఉండరు. అడిగేటప్పుడు "అమ్ముతారా సార్" అని మొదలుపెట్టకండి. చూడనిమ్మని అడగండి, అక్కడే కూర్చొని రెండు సంచికలు చదవండి. ఇవ్వాలనిపిస్తే వాళ్లే ఇస్తారు. ధర తెలియని ఇంటి నుంచి అరుదైన పుస్తకాన్ని కారుచౌకగా ఎత్తుకొచ్చి గొప్పగా చెప్పుకునేవాళ్లను చూశాను. అది వేట కాదు. దాని విలువ ఇంత అని చెప్పి, మీరివ్వగలిగింది చెప్పండి.

మూడోది హైదరాబాద్. నల్గొండ నుంచైనా పాలమూరు నుంచైనా వంద కిలోమీటర్లకు అటూఇటూ. ఆదివారం పొద్దున్నే బయలుదేరితే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరిచే వేళకు చేరొచ్చు. ఎంజీబీఎస్ బస్టాండ్‌లో దిగేవాళ్లకు కోఠి పాత పుస్తకాల షాపులు దారిలోనే. మధ్యాహ్నానికి మంచివి అయిపోతాయి, ఎండా ముదురుతుంది. కొన్న పుస్తకాలను చేతి సంచిలో వేసుకొని బస్సులో రావద్దు, మూలలు మడతపడతాయి. రెండు గట్టి అట్టముక్కలు, కట్టడానికి రబ్బరు బ్యాండు కాకుండా ఒక మెత్తటి గుడ్డపట్టీ వెంట తీసుకెళ్లండి. రబ్బరు బ్యాండు అంచులను కోస్తుంది, ఎండకు కరిగి అట్టకు అంటుకుంటుంది.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు నడిమి పేజీ ఫొటో, పిన్నుల ఫొటో అడగండి. ఇవ్వనివాళ్ల దగ్గర కొనొద్దు.

4. కొనేముందు చూడవలసినవి

వాసన మొదట. ముక్కుకు బూజు వాసన తగిలితే ధర ఎంత తక్కువైనా ఆలోచించండి. తర్వాత నడిమి పేజీలు. పిన్ను కొట్టిన పుస్తకాల్లో మధ్యలోని జత కాగితం ఊడిపోయి కథ నట్టనడుమ నాలుగు పేజీలు మాయమవుతాయి. పేజీ అంకెలు లెక్కపెట్టండి. కూపన్ల కోసం, బొమ్మల కోసం కత్తిరించిన కిటికీలు, పిల్లలు స్కెచ్‌పెన్నుతో రంగులేసిన పేజీలు, అద్దె లైబ్రరీ ముద్రలు చూడండి. అద్దె షాపుల పుస్తకాలకు పక్క నుంచి దబ్బనంతో పొడిచి దారం కుట్టి ఉంటుంది. అవి పూర్తిగా తెరుచుకోవు, బలవంతంగా తెరిస్తే చిరుగుతాయి. నాకు ముద్రలంటే కోపం లేదు. ఏ ఊరి షాపులో ఎన్ని చేతులు మారిందో చెప్పే ముద్ర ఆ పుస్తకం చరిత్రలో భాగమే. మళ్లీ అమ్మాలనుకునేవాళ్లకు మాత్రం విలువ తగ్గుతుంది.

కాగితాన్ని కూడా చూడండి. చౌక న్యూస్‌ప్రింట్‌ను చెక్కను నేరుగా నూరిన గుజ్జుతో చేస్తారు. అందులో మిగిలిపోయే లిగ్నిన్ వెలుతురు, గాలి తగిలి పసుపు రంగుకు తిరుగుతుంది, కాగితంలో ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లమే కాలక్రమంలో కాగితాన్ని పెళుసుగా మారుస్తుంది. వేడి ఈ పనిని వేగం చేస్తుంది. కాబట్టి పసుపు రంగు తప్పు కాదు, వయసు. మూల మడిచి చూడకుండానే పేజీ తిప్పేటప్పుడు పలుకులుగా రాలుతుంటే మాత్రం ఆ పుస్తకాన్ని ఇక చదవడం కష్టం. కొంటే అట్ట కోసమే కొనాలి.

5. ఇంటికి తెచ్చాక నేరుగా అల్మారీలోకి పోనివ్వకండి

రద్దీ షాపు నుంచి వచ్చిన పుస్తకంతో పాటు పురుగు గుడ్లూ వస్తాయి. కొత్తగా వచ్చినవాటికి వేరే అర్రలో, లేకపోతే వరండాలో నీడపట్టున ఒక డబ్బా పెట్టుకోండి. మెత్తటి పెయింటు బ్రష్‌తో వీపు నుంచి అంచు వైపు దులపండి. ముక్కుకు మాస్కు తప్పదు. ఎండలో ఆరబెట్టొద్దు, పురుగు పోయేలోపు రంగు పోతుంది. రెండు మూడు వారాలు ఆ డబ్బాలోనే ఉంచి, కింద తెల్ల కాగితం పరిచి, పొడి రాలుతోందేమో చూడండి.

రాలితే, అన్నిటికన్నా నమ్మకమైన మందు చలి. పుస్తకాలను గట్టి పాలిథిన్ కవర్లో పెట్టి, గాలి వీలైనంత తీసేసి, టేపుతో మూసి, మైనస్ 18 డిగ్రీలుండే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి. ఇంటి ఫ్రిజ్‌లో పై అర అంత చల్లగా నిలకడగా ఉండదు. ఐస్‌క్రీం షాపు వాళ్లు స్నేహితులైతే ఇక్కడ పనికొస్తారు, నవ్వుతారు కానీ ఒప్పుకుంటారు. బయటికి తీశాక కవరును వెంటనే విప్పొద్దు. ఒక పూర్తి రోజు అట్లాగే ఉంచితే చెమ్మ కవరు బయటే పడుతుంది. తొందరపడి విప్పితే అది పుస్తకం మీద పడుతుంది.

6. కవర్లు, అట్టలు, డబ్బాలు

ప్లాస్టిక్ అన్నీ ఒకటి కావు. మెత్తగా సాగుతూ, విప్పగానే ఘాటు వాసన వచ్చే పీవీసీ కవర్లు వద్దు. వాటిని మెత్తపరచడానికి కలిపే రసాయనాలు ఎండకు బయటికొచ్చి అట్ట రంగును పట్టుకుంటాయి. పాత ఫొటో ఆల్బమ్‌లలో ఫొటోలు రేకుకు అంటుకుపోవడం చూసే ఉంటారు. మనకు కావలసింది పాలీప్రొపిలీన్, వాడుకలో పీపీ కవర్. గద్వాల, నారాయణపేటల్లో చీరలు పెట్టే గరగరలాడే పారదర్శక కవర్లు చాలావరకు ఈ రకమే. బట్టల షాపులకు కవర్లు వేసే హోల్‌సేల్ దుకాణంలో కొలత చెప్తే వందల లెక్కన ఇస్తారు. పుస్తకాన్ని స్కేలుతో కొలిచి, వెడల్పుకు ఒక సెంటీమీటరు, పొడవుకు మూడు సెంటీమీటర్లు కలిపి చెప్పండి. అమెరికన్ కామిక్స్ దాదాపు 17కి 26 సెంటీమీటర్లు, వాటికి తయారు కవర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మన పత్రికల కొలతలు కాలాన్ని బట్టి మారాయి కాబట్టి కొలవక తప్పదు. కవరు మూతకు జిగురు టేపు ఉంటే దాన్ని కత్తిరించేసి, అంచును వెనక్కి మడవండి. పుస్తకం బయటికి లాగేటప్పుడు ఆ టేపు అట్టను పట్టుకుందంటే పెద్ద చిరుగు ఖాయం.

పుస్తకం వంగకుండా వెనక ఒక అట్ట కావాలి. చొక్కాల డబ్బాల్లో వచ్చే బూడిద రంగు అట్ట వాడకండి, అది ఆమ్లం ఊట. పెళ్లి కార్డులు కొట్టే ప్రెస్సులో తెల్ల ఐవరీ కార్డు 300 జీఎస్ఎం షీట్లు అడిగి, వాళ్ల కటింగ్ మిషన్ మీదే మీ కొలతకు కోయించండి. చేత్తో కోసినదానికీ దానికీ పోలికే లేదు. ఆమ్లం ఉందో లేదో తేల్చుకోవాలంటే పీహెచ్ పెన్ను ఒకటి కొనండి. గీత ఊదా రంగులోకి వస్తే మంచిది, పసుపుగా ఉంటే వద్దు. ఒక పెన్నుతో ఊరంతా పరీక్షించుకోవచ్చు.

డబ్బాల విషయంలో మన అదృష్టం జిరాక్స్ సెంటర్లు. ఏ4 కాగితం కట్టలు వచ్చే అట్టపెట్టెల్లో చందమామలూ అమర్ చిత్ర కథలూ నిలబెడితే చక్కగా పడతాయి. లోపల పీపీ షీటు పరిస్తే పెట్టె అట్ట పుస్తకాలకు తగలదు. నిలబెట్టినప్పుడు బిగించొద్దు, వదులుగా వాలనివ్వొద్దు. వేలు దూరేంత సందు ఉంటే చాలు. ఖాళీ మిగిలితే అట్ట నిలబెట్టి ఆపండి. ఒక్క పెట్టెలో మీరు నడుం పట్టేయకుండా ఎత్తగలిగినంతే పెట్టండి. కామిక్స్ చూడటానికి పలచన, కట్టగా చేరితే బియ్యం బస్తా అంత బరువు.

ఇనుప సందుగలు ఎలుకలకు అడ్డం కానీ ఎండాకాలం పొయ్యి. వాడితే నీడలో, లోపల కాగితం పరిచి.

7. ఇంట్లో ఏ జాగ

సజ్జ మీద వద్దు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండ తాగిన స్లాబు కింద సజ్జ తెల్లారేదాకా చల్లబడదు. పైకప్పు ఎక్కడైనా కారితే మొదటి చుక్కలు పడేదీ అక్కడే. పడమటి గోడ కూడా వద్దు, సాయంత్రం ఎండంతా దానిదే. బాత్‌రూమ్‌తో పంచుకునే గోడ అసలే వద్దు. తూర్పుకో ఉత్తరానికో ఉండే, మనుషులు రోజూ తిరిగే గదిలో లోపలి గోడ మంచిది. మనుషులు తిరగడం అని ఊరికే అనలేదు. అతిథుల కోసం తాళం వేసి ఉంచే గదికన్నా మీరు పడుకునే గదిలో చెదల గీత ముందు కనిపిస్తుంది.

పాత ఇళ్లలో గోడలోనే చేసిన చెక్క తలుపుల అల్మారీలు అందంగా ఉంటాయి. కానీ వెనక మట్టిగోడ, చుట్టూ చెక్క, లోపల చీకటి. చెదలకు ఇంతకన్నా ఏం కావాలి? వాటిలో గిన్నెలు పెట్టుకోండి. పుస్తకాలకు పౌడర్ కోటింగ్ చేసిన ఇనుప ర్యాక్ కొనండి, నాలుగు కాళ్లూ కనిపించేలా, గోడకు నాలుగు వేళ్ల ఎడంగా నిలపండి. కింది అర నేలకు కనీసం అర అడుగు ఎత్తులో ఉండాలి. నది పక్క ఊళ్లవాళ్లు ఇంకా పైనుంచి మొదలుపెట్టాలి. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర పొంగినప్పుడు అలంపూర్ నీట మునిగిన సంగతి ఆ వైపు వాళ్లకు ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు.

మిర్యాలగూడ చుట్టుపక్కల వాళ్లకు ఇంకో తలనొప్పి, రైస్ మిల్లుల ఊక బూడిద. సన్నగా, నల్లగా, చేత్తో తుడిస్తే అట్ట మీద గీతలా పరుచుకుంటుంది. ర్యాక్ ముందు నూలు పరదా వేస్తే సగం తగ్గుతుంది. అదే పరదా వెలుతురునూ ఆపుతుంది.

8. కార్తెల లెక్కన కాపలా

పుస్తకాలకు ఏసీ పెట్టే స్తోమత అందరికీ ఉండదు. ఉన్నా, పగలు వేసి రాత్రి తీసేస్తే వేడి, చెమ్మ ఎక్కీదిగీ కాగితానికి ఇంకా చేటు. నిలకడ ముఖ్యం. గాలిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజు మొదలవుతుంది. చిన్న డిజిటల్ తేమ మీటరు ఒకటి ర్యాక్‌లో పెట్టుకుంటే ఊహలతో పని లేదు.

రోహిణి కార్తెలో, అంటే మే చివర, కాగితంలోని తేమంతా ఆరిపోయి పెళుసుగా ఉంటుంది. పాత సంచికలను ఆ రోజుల్లో పూర్తిగా వెనక్కి విరవకండి, సగం తెరిచి చదవండి.

మిరుగు (మృగశిర కార్తె) రాకముందే కిటికీ సందులు, స్లాబు చూసుకోండి. తొలి వాన పడ్డ సాయంత్రం లైటు చుట్టూ ఉసిళ్లు మూగాయంటే చుట్టుపక్కల ఎక్కడో చెదపుట్ట ఉన్నట్టే. రెక్కలు గది లోపల, గోడ మూలనే కుప్పగా రాలి ఉంటే పుట్ట ఇంట్లోనే ఉందని అనుమానించాలి. మర్నాడే టార్చి పట్టుకొని గోడ మొదళ్లు, తలుపు చట్రాలు, ర్యాక్ కాళ్లు చూడండి. పెన్సిల్ మందాన మట్టి గీత కనిపిస్తే చీపురుతో తుడిచేసి ఊరుకోవద్దు, రెండు రోజుల్లో పక్క నుంచి ఇంకోటి వేస్తాయి. పుస్తకాలన్నీ బయటికి తీసి, పెస్ట్ కంట్రోల్ వాళ్లతో గోడ మొదట్లో మందు కొట్టించి, వాసన పోయాకే లోపల పెట్టండి. పుస్తకాల మీద ఏ స్ప్రే కొట్టొద్దు.

వానాకాలమంతా డబ్బాకొక సిలికా జెల్ పొట్లం. నీలం రంగుది కాకుండా నారింజ రంగుది కొనండి, నీలంలో ఉండే కోబాల్ట్ ఒంటికి మంచిది కాదు. ఆకుపచ్చకు తిరిగితే ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. నాఫ్తలీన్ గోలీలు వేయకండి. వాటి ఆవిరి ఒంటికీ మంచిది కాదు, ఆ వాసన కాగితం ఏళ్లకేళ్లు వదలదు, తర్వాత ఆ పుస్తకం పట్టుకొని హాయిగా చదవలేరు. వేపాకు మన పెద్దల పద్ధతి. పూర్తిగా నీడలో ఎండిన ఆకును గుడ్డ మూటలో కట్టి డబ్బా మూలన పెడితే నష్టం లేదు. పచ్చిది పేజీల మధ్య పెడితే మరక పడుతుంది, చెమ్మా చేరుతుంది.

వెండిలా మెరుస్తూ జారిపోయే చిన్న పురుగు కనిపిస్తే గదిలో తేమ ఎక్కువైందని అర్థం. అది జిగురునూ అట్ట మీది నునుపునూ తింటుంది. తేమ తగ్గిస్తే అదే తగ్గుతుంది.

దసరా సెలవుల్లో అన్ని డబ్బాలూ ఒకసారి తెరవండి. గాలి పొడిబారుతుంది, పిల్లలు ఇంట్లో ఉంటారు, చేతులు ఎక్కువ.

పుస్తకాలు తడిస్తే రెండు రోజుల లోపే పని జరగాలి, ఆ తర్వాత బూజు లేస్తుంది. నునుపు కాగితం పుస్తకాలను ముందు తీసుకోండి, అవి తడి మీద ఒకదానికొకటి అంటుకొని రాయిలా అవుతాయి. పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి, మారుస్తూ, ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. ఒకేసారి వందలు తడిస్తే అన్నీ ఆరబెట్టలేరు. అంతా కవర్లలో పెట్టి మళ్లీ ఆ ఐస్‌క్రీం స్నేహితుడి దగ్గరికే. గడ్డకట్టిన పుస్తకానికి బూజు పట్టదు, తీరిక దొరికినప్పుడు కొన్ని కొన్ని తీసి ఆరబెట్టుకోవచ్చు.

9. మరమ్మతు, బైండింగ్

సెలో టేపు ఇంట్లో నుంచి పారేయండి. కొన్నాళ్లకు రేకు ఊడిపోతుంది, జిగురు గోధుమ రంగు మరకై కాగితంలోకి దిగుతుంది, దాన్ని తీయడం మన వల్ల కాదు. చిరుగు చిన్నదైతే కవర్లో పెట్టి వదిలేయడమే మంచి మరమ్మతు. అతికించక తప్పకపోతే పలచటి జపనీస్ టిష్యూ, గోధుమ పిండి నుంచి తీసిన గంజి. టిష్యూను కత్తెరతో కోయకుండా చేత్తో చింపితే అంచు పీచులు కాగితంలో కలిసిపోతాయి. తుప్పు పట్టిన పిన్నులను లోపలి వైపు నుంచి పలచటి బ్లేడుతో లేపి తీసి, అవే రంధ్రాల్లోంచి తెల్ల నూలు దారం కుట్టండి.

ఏడాది సంచికలు బైండు చేయించాలా వద్దా అన్న దాని మీద మా స్నేహితుల్లో గొడవలే జరిగాయి. నేను వద్దనే వైపు. బైండరు మూడు వైపులా కోస్తాడు, అట్టలు కొన్నిసార్లు తీసేస్తాడు, మైదా జిగురు పెడతాడు. పాతకాలం వాళ్లు ఆ జిగురులో మైలతుత్తం కలిపి పురుగు రాకుండా చూసేవాళ్లు, ఇప్పుడు అడిగితేనే కలుపుతున్నారు. కానీ ఇంట్లో చిన్నపిల్లలుండి, రోజూ చదివే ప్రతులైతే బైండింగే మేలు, విడి సంచికలు ఆర్నెల్లు నిలవవు. చేయిస్తే మూడు షరతులు ముందే చెప్పండి. అంచులు కోయొద్దు, అట్టలు లోపలే ఉంచాలి, పక్క కుట్టు కాకుండా మడత కుట్టు వేయాలి.

10. జాబితా

ఫోన్‌లో ఒక షీటు చాలు. పేరు, సంచిక అంకె, నెల, సంవత్సరం, భాష, ఎక్కడ కొన్నారు, ఎంతకు, ఏ లోపం ఉంది, ఏ డబ్బాలో ఉంది. 'బాగుంది' అని రాస్తే లాభం లేదు. 'వెనక అట్ట లేదు, 17వ పేజీ చిరుగు' అని రాయాలి. రెండు అట్టలకూ ఫొటో తీసి పెట్టుకోండి, అబిడ్స్‌లో నిలబడి "ఇది నా దగ్గరుందా" అన్న ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది. డబ్బాల మీద పేర్లు కాదు, అంకెలు రాయండి. పేర్లు మారుతుంటాయి.

పెళుసు ప్రతులను ఫోన్‌తో పేజీ పేజీ ఫొటో తీసి, వరుస అంకెలు వేసి, జిప్ చేసి, ఫైలు పేరు చివర ఉండే .zip ను సీబీజెడ్ (.cbz) అని మారిస్తే టాబ్లెట్‌లో పుస్తకంలా తెరుచుకుంటుంది. మీరు చదువుకోవడానికి అది చాలు. వాటిని పదిమందికీ పంచడం వేరే సంగతి. రచయిత పోయాక 60 ఏళ్ల దాకా మన చట్టంలో హక్కులుంటాయి.

11. చదవడం

ఇన్ని జాగ్రత్తలు చదివాక పుస్తకం ముట్టుకోవడానికే టెన్షన్ పడేవాళ్లుంటారు. పడొద్దు. చేతులు కడుక్కొని పూర్తిగా ఆరబెట్టుకోండి, గ్లవ్స్ అక్కర్లేదు, వాటితో పేజీ అంచు తెలియక చిరిగేదే ఎక్కువ. వేలికి ఉమ్మి అంటించి తిప్పే అలవాటుంటే మానుకోండి. తినేటప్పుడు చదవాలనిపిస్తే దానికి వేరే ప్రతి ఉంచుకోండి, రెండు ప్రతులున్నవాటిలో నలిగినది ఇందుకే.

వారానికొక డబ్బా పద్ధతి పెట్టుకోండి. ఆ వారం ఏ డబ్బా వంతు వస్తే అందులోంచే చదవాలి. ఇష్టమైన పది పుస్తకాలే మళ్లీ మళ్లీ నలగడం ఆగుతుంది, ఏడాదిలో ప్రతి డబ్బా తెరుచుకుంటుంది, దసరాకు చేసేది తప్ప తనిఖీ ప్రత్యేకంగా చేయనక్కర్లేదు. చదివి తిరిగి పెట్టేటప్పుడు సిలికా రంగు చూడండి, అంతే.

రుచి తెలియాలంటే ఒకసారి మాటల కోసం, ఇంకోసారి గీతల కోసం చదవాలి. మహాభారతంలో ఒకే ఘట్టాన్ని చందమామలో శంకర్ ఎట్లా గీశారో, అమర్ చిత్ర కథలో ఎట్లా గీశారో పక్కపక్కన పెట్టి చూడండి. చందమామలో బొమ్మ కథలోని ఒక క్షణాన్ని పట్టుకొని నిలబడుతుంది. కామిక్‌లో గడి నుంచి గడికి కదిలిపోతుంది. అదే కథ ఒకచోట నెమ్మదిగా, ఇంకోచోట వేగంగా ఎందుకు అనిపిస్తుందో అప్పుడు తెలుస్తుంది. చందమామ ఫొటో వ్యాఖ్యల పోటీ పేజీని వదలకండి. ఫొటోలకు మీరూ మీ పిల్లలూ వ్యాఖ్యలు చెప్పుకొని, తర్వాతి సంచికల్లో గెలిచిన వ్యాఖ్య వెతికి చూడండి. వరుస సంచికలు ఉన్నవాళ్లకే దొరికే ఆట ఇది. పాత ప్రకటనలూ అంతే. సబ్బులు, పెన్నులు, సైకిళ్ల ధరలు చూసి తాతలు చెప్పే కబుర్లు పుస్తకంలో ఉండవు.

ఎరువిచ్చేటప్పుడు నోటు పుస్తకంలో తేదీతో సహా రాయండి, ఎంత దగ్గరి బంధువైనా. మొహమాటం అనిపిస్తే "నాకు మతిమరుపు అత్తమ్మా" అనేయండి. డూప్లికేట్లు పేరుకుంటే మార్పిడికి కొన్ని ఉంచుకొని, మిగతావి మీ ఊరి బడికో గ్రంథాలయానికో ఇవ్వండి. ఇచ్చే ముందు అక్కడ పిల్లలు చేత్తో ముట్టుకోనిస్తారా, బీరువాలో పెట్టి తాళం వేస్తారా అడగండి. తాళం వేసే చోటికి ఇవ్వొద్దు.

ఇంకో కాగితం కూడా రాసి జాబితాతో పాటు మొదటి డబ్బాలో పెట్టండి. ఈ పుస్తకాలు ఏమిటి, వేటికి విలువ ఉంది, ఎవరికి ఇవ్వాలి, అమ్మాలంటే ఎవరిని అడగాలి. ఇంట్లోవాళ్లకు చూపించి, ఒకసారి చదివించండి కూడా. సేకరణలు ఎక్కువగా చెదల వల్ల పోవు. ఆ ఇంటి పెద్ద పోయిన నెలకు, ఇదంతా ఏమిటో తెలియక, ఇంట్లోవాళ్లు రద్దీ బండిని పిలిచినప్పుడు పోతాయి.